విప్‌టెయిల్ క్యాట్‌ఫిష్ రోజంతా కదలడం లేదు: జబ్బా, స్వభావమా? నాచు తిని బతుకుతుందన్న మాట నిజమేనా?

మీరు రాసినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. 60 సెంటీమీటర్ల తొట్టి, మూడు నెలలుగా నడుస్తోంది. అందులో 12 నియాన్ టెట్రాలు, 4 టైగర్ బార్బులు, అడుగున రంగు గులకరాళ్ళు ఉన్నాయి. వారం క్రితం ఒక విప్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌ను తెచ్చారు. ఇది నాచు తిని తొట్టిని శుభ్రం చేస్తుంది, వేరే మేత అక్కర్లేదు అని అమ్మినవారు చెప్పారు. అదేమో పగలంతా కర్రముక్కలా ఒకేచోట పడి ఉంటోంది. జబ్బు చేసిందా, ఒంటరిగా ఉండి దిగులు పడిందా, ఇంకో రెండు తెస్తే హుషారుగా తిరుగుతుందా అన్నది మీ సందేహం.

జబ్బు కాదు, దిగులూ కాదు. పగలు కదలకపోవడం దాని స్వభావం. కానీ వారం రోజులుగా వేరే మేత వేయకపోతే అది దాదాపు పస్తు ఉన్నట్టే. ఈ రాత్రి దీపం ఆర్పాక, నీటిలో మునిగే మేత బిళ్ళ ఒకటి దాని దగ్గర వేయండి. మిగతా మార్పులు ఒక్కొక్కటే చేసుకోవచ్చు. టైగర్ బార్బులను వేరు చేయాలి, పదునైన గులకరాళ్ళ స్థానంలో ఇసుక రావాలి. ఇంకో రెండు చేపలను మాత్రం ఇప్పుడే తేవద్దు.

నేను పన్నెండేళ్ళుగా ఈ రకం చేపలను పెంచుతున్నాను. మొదటిదాన్ని నేనే చంపుకున్నాను. ఆ కథ కిందికి వస్తుంది.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ చేపో తేల్చుకోండి. విప్‌టెయిల్ అన్నది ఒక చేప పేరు కాదు, ఒక గుంపు పేరు. సన్నగా సాగిన తోక, దాని పైఅంచు నుంచి కొరడా కొసలాగా వెనక్కి వేలాడే దారం వీటి గుర్తు. పేరు కూడా దాన్నిబట్టి వచ్చిందే. ఇవన్నీ దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నదుల చేపలు. అద్దాలకు నోటితో అతుక్కుని నాచు గీకే ప్లెకో అనే చేపకు దగ్గర చుట్టాలు. రెండూ లోరికారిడే కుటుంబానివే. ఇళ్ళలో ఎక్కువగా పెరిగేవి రినెలోరికేరియా ప్రజాతివి. గోధుమరంగు ఒంటిమీద ముదురు పట్టీలతో, పూర్తిగా పెరిగితే రకాన్నిబట్టి 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటాయి. ఇటుక ఎరుపు రంగులో రెడ్ లిజర్డ్ అనే పేరుతో దొరికేది కూడా ఈ కోవదే. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా ఈ రకం గురించే.

దీన్ని పోలినవి మరో రెండున్నాయి. ముక్కు సూదిలా సాగి, ఒళ్ళు ఎండుపుల్లంత సన్నగా ఉంటే అది ఫార్లోవెల్లా. నీటి నాణ్యత విషయంలో దానికున్నంత పట్టింపు మీ చేపకు ఉండదు. వెన్నుమీద రెక్క తెరచాపలా నిలువుగా ఎత్తుగా లేచి ఉంటే అది స్టురిసోమా, రాయల్ విప్‌టెయిల్ అంటారు. 20 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి మీ తొట్టి దానికి చాలదు. ఈ రెండూ నాచు కాస్త ఎక్కువే తింటాయి. బహుశా అమ్మినవారి మాటకు మూలం అదే కావచ్చు.

ఇక కదలకపోవడం సంగతి. ఈ చేప ఒంటిమీద పొలుసులు ఉండవు. వరుసలుగా పేర్చిన ఎముక పలకలు ఉంటాయి. తోక భాగమైతే పైనుంచి అదిమినట్టు బల్లపరుపుగా, దాదాపు కడ్డీలాగా బిగుసుకుని ఉంటుంది. మామూలు చేపను నీటిలో తేల్చి ఉంచే గాలితిత్తి దీనికి బాగా కుంచించుకుపోయి, ఎముక గూట్లో ఒదిగి ఉంటుంది. అందుకే ఇది నీటి మధ్యలో నిలవలేదు. రెండు మూడు ఊపుల్లో ఒకచోటి నుంచి మరోచోటికి దూకి, అక్కడే కూలబడుతుంది. వేగం లేనిదానికి దాక్కోవడమే రక్ష. ఎండుటాకులు, పుల్లలు పరుచుకున్న నది అడుగున తానూ ఒక పుల్లలా పడి ఉంటే వేటాడే చేప కన్ను దానిమీద పడదు. మీ తొట్టిలో అది చేస్తున్నదీ అదే. కాకపోతే నీలం, గులాబీ రంగు రాళ్ళమీద గోధుమరంగు పుల్ల ఎంత దాక్కుంటుందో మీరే ఆలోచించండి. పాపం, అది తన వంతు పని మాత్రం శ్రద్ధగానే చేస్తోంది.

కన్ను కూడా ఒకసారి గమనించండి. పగటి వెలుగులో కనుపాప మీదికి పైనుంచి చిన్న తెర దిగి, పాప వంపు తిరిగిన గీతలా కనిపిస్తుంది. చీకటి పడితే ఆ తెర ముడుచుకుని కన్ను గుండ్రంగా తెరుచుకుంటుంది. కొత్తవారు దాన్ని చూసి కంటికి ఏదో పొర కమ్మిందని మందు పోస్తారు. అది జబ్బు కాదు, రాత్రిపూట తిరిగే ప్రాణికి ఉండే ఏర్పాటు.

దీని అసలు చిక్కంతా శాంత స్వభావమే. ఇది ఎవరినీ కరవదు, తరమదు. ఎవరైనా తరిమితే తిరగబడదు. మేత దగ్గరికి ఇంకో చేప వస్తే పక్కకు తప్పుకుంటుంది. ఆకలైనా, ఊపిరాడకపోయినా పగలు చూస్తే ఎప్పటిలాగే పడి ఉంటుంది. పోట్లాడే చేప తన కష్టాన్ని నలుగురికీ తెలిసేలా చేస్తుంది. ఇది చచ్చాక కూడా ఒకరోజు మనకు తెలియకపోవచ్చు. అలా తెలియక నేను పోగొట్టుకున్నదే నా మొదటి విప్‌టెయిల్.

అప్పుడు నా తొట్టిలో ఒక బ్రిసిల్‌నోజ్ ప్లెకో కూడా ఉండేది. రోజూ రాత్రి ఒక బిళ్ళ వేసేవాణ్ణి, పొద్దున చూస్తే బిళ్ళ ఉండేది కాదు. రెండూ పంచుకుని తింటున్నాయని మురిసిపోయాను. ఆరు వారాలయ్యాక ఒక సాయంత్రం విప్‌టెయిల్ ముందు అద్దానికి అతుక్కుంది. మొదటిసారి దాని పొట్ట కింది నుంచి కనిపించింది. గరిటె లోపలి భాగంలా గుంటపడి ఉంది. ఆ రాత్రి కూర్చుని కాపలా కాశాను. ప్లెకో వచ్చి బిళ్ళమీద బోర్లా పడుకుంది, అరగంటసేపు కదలలేదు. విప్‌టెయిల్ దగ్గరగా వచ్చి, తోకదెబ్బ తిని, వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి వేరే తొట్టిలో పెట్టి ఎన్ని మేతలు వేసినా నాలుగు రోజుల్లో పోయింది. పొట్ట ఒక హద్దు దాటి లోపలికి పోయాక మేత దొరికినా తేరుకోవడం చాలా కష్టమని అప్పుడు తెలిసింది.

కాబట్టి దాని ఆరోగ్యాన్ని పొట్ట చూసి లెక్కగట్టండి, హుషారు చూసి కాదు. వారానికి ఒకసారైనా అది అద్దానికి అతుక్కున్నప్పుడు కింది నుంచి చూడండి. సమంగా ఉన్నా, కొద్దిగా ఉబ్బి ఉన్నా మంచిదే. రెండు పక్కల ఎముకల మధ్య గుంట కనిపిస్తే మేత అందడం లేదని అర్థం. అద్దానికి రాకపోతే ఫోనును తొట్టి అడుగంచు దగ్గర పెట్టి పక్కనుంచి ఫొటో తీసినా తెలిసిపోతుంది.

మేత విషయానికి వస్తే, ఇది సర్వభక్షకి. పలుచని మెత్తని నాచును గీకుతుంది, నిజమే. కానీ మూడు నెలల తొట్టిలో అద్దాలమీద ఉండే నాచు దానికి రెండు రోజుల చిరుతిండి కూడా కాదు. గట్టిపడిన ఆకుపచ్చ చుక్కలనూ, నల్లటి కుచ్చు నాచునూ అసలు ముట్టదు. ప్లెకోలాగా అద్దాన్ని తళతళలాడించే నోరు కాదు అది. పెదవుల మీద మెత్తని బొడిపెలుంటాయి. వాటితో ఇసుకనూ ఆకులనూ తడుముకుంటూ తింటుంది. నేను వారంలో ఎక్కువ రోజులు శాకాహారం ఎక్కువగా ఉండే మునిగే బిళ్ళలు వేస్తాను. రెండు రోజులు గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్, డాఫ్నియా, బ్రైన్ ష్రింప్ అనే చిన్న నీటి జీవుల్లో ఏదో ఒకటి. ఒకరోజు జుకినీ ముక్కో, దోసకాయ ముక్కో, పాలకూర ఆకో, రెండు నిమిషాలు మరిగే నీటిలో ఉంచి చల్లార్చి, బరువు కట్టి ముంచుతాను. దోసకాయలో నీరు తప్ప పెద్దగా సారం లేదు. దాన్ని భోజనంగా లెక్కపెట్టకండి. కూరగాయ ముక్క ఏదైనా పొద్దుటికల్లా తీసేయాలి, లేకపోతే నీరు పాడవుతుంది.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. ముందు దీపం ఉండగానే టెట్రాలకు పైన తేలే మేత కొద్దిగా వేసి వాటి కడుపు నింపండి. దీపం ఆర్పి అరగంట ఆగండి. అప్పుడు బిళ్ళను ఒక గొట్టంలోనో, చెక్క కిందనో, అది పడుకునే చోటికి దగ్గరగా జారవిడవండి. ఒకే ఒక చేప కాబట్టి చిన్న బిళ్ళలో సగం చాలు. ఎర్రని బలహీనమైన దీపం వెలుగులో పది నిమిషాలు చూస్తే తిన్నదో లేదో తెలుస్తుంది. రోజూ చేయనక్కర్లేదు, మొదటి రెండు వారాలు చేయండి. పగలంతా బండరాయిలా ఉన్నది ఆ చీకట్లో ఇసుకమీద ఎంత పనిమంతురాలిలా తిరుగుతుందో చూస్తే మీ దిగులూ తీరుతుంది.

అడుగున రంగు రాళ్ళు రెండు రకాలుగా చెరుపు చేస్తాయి. అంచులు పదునుగా ఉంటే నోటి చుట్టూ, పొట్టకింద చర్మం గీరుకుపోతుంది. ఇది జీవితమంతా పొట్టమీదే గడిపే చేపని మరవద్దు. రెండోది, రాళ్ళ సందుల్లోకి జారిన మేత దానికి అందదు. అక్కడే కుళ్ళి చేపలకు విషమైన అమోనియాగా మారుతుంది. సన్నని ఇసుక రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే చాలు. మార్చేటప్పుడు ఒక్కరోజులో రాళ్ళన్నీ తోడేయకండి. అమోనియాను విరిచి మేలు చేసే బాక్టీరియా కొంత ఆ రాళ్ళమీదే ఉంటుంది. నాలుగో వంతు చొప్పున వారానికోసారి తీయండి, ఫిల్టరును ఆ నెలలో కడగకండి. ఇసుకమీద నీటిలో నానిన చెక్క ఒకటి, ఎండిన బాదం ఆకులు రెండు మూడు, దాక్కోవడానికి రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం ఒకటి పెట్టండి. దాక్కునే చోటు ఇస్తే ఇక కనిపించదని చాలామంది భయపడతారు. నా అనుభవంలో మాత్రం అవసరమైతే దూరడానికి గూడు ఉందన్న ధీమా ఉన్న చేపే ధైర్యంగా బయటికి వచ్చి పడుకుంటుంది.

నీటి లెక్కలు కష్టమైనవి కావు. ఉష్ణోగ్రత 23 నుంచి 26 డిగ్రీలు, పీహెచ్ 6.5 నుంచి 7.5, అమోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండేలా చూస్తాను. పీహెచ్ ఒక పాయింటు అటూ ఇటూ ఉందని మందులు పోసి సరిచేసే ప్రయత్నం మాత్రం చేయకండి. స్థిరంగా ఉన్న 7.8 కంటే రోజూ ఊగే 6.8 ఎక్కువ హాని చేస్తుంది. వారానికి నాలుగో వంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ తీసే మందు కలిపిన తరువాతే పోయండి. ఆ సమయంలోనే సైఫన్ గొట్టంతో అడుగున పేరుకున్న మడ్డిని లాగేయండి. నీటిలో చెడు ముందుగా పేరుకునేది అడుగునే, ఈ చేప ముక్కు ఉండేదీ అక్కడే.

ప్రాణవాయువు సంగతి విడిగా చెప్పాలి. నదుల్లో పారే నీటికి అలవాటుపడ్డ చేప ఇది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 28 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎయిర్ పంపు రాత్రింబవళ్ళు నడపండి. అడుగున ఉండాల్సిన చేప పట్టపగలు నీటి పైఅంచు దగ్గర అద్దానికి అతుక్కుని, మొప్పలు వేగంగా ఆడిస్తుంటే అది విహారానికి వచ్చింది కాదు. వెంటనే మూడో వంతు నీరు మార్చి, గాలి పెంచి, ఆ తరువాత అమోనియా, నైట్రైట్ పరీక్షించండి. ఈ వరుస తప్పొద్దు. పరీక్ష కోసం ఆగితే ఆలస్యం అవుతుంది.

టైగర్ బార్బులను ఎందుకు వేరు చేయమంటున్నానంటే, అవి రెక్కల కొసలు కొరికే అలవాటున్నవి. గుంపు చిన్నదైతే, మీ దగ్గరున్నట్టు నాలుగే అయితే, ఆ అలవాటు ఇంకా ముదురుతుంది. విప్‌టెయిల్ తోక దారం వాటికి కదిలే పురుగులా కనిపిస్తుంది. దారం ఒక్కటే తెగితే చాలాసార్లు మళ్ళీ పెరుగుతుంది, కానీ రోజూ కొరికితే పుండు పడుతుంది. నియాన్లతో ఏ గొడవా లేదు. రాస్‌బోరాలు, చిన్న టెట్రాలు కూడా సరిపోతాయి. అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్ కోరిడోరాస్ కూడా శాంతమైనవే, నేనూ కలిపి పెంచాను. అయితే అవి మేత దగ్గర మహా చురుకు, కాబట్టి బిళ్ళను రెండు మూడు చోట్ల వేయాలి. గోల్డ్‌ఫిష్, పెద్ద సిక్లిడ్‌లు, పెద్ద ప్లెకోలు వద్దు.

మందుల విషయంలో ఒక్కమాట. తెల్లచుక్కల జబ్బుకో, నత్తల బెడదకో రాగి ఉన్న మందు పోయాల్సి వస్తే ఈ చేపను ముందు వేరే తొట్టిలోకి మార్చండి. ఈ కుటుంబపు చేపలు రాగిని సరిగా తట్టుకోలేవు. కొత్త చేప ఏది తెచ్చినా మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాకే కలిపితే అంతదూరం రాకుండానే పోతుంది.

మార్చేటప్పుడు వలతో పట్టకండి. నేను ఒక పెద్ద మగచేపను వలతో లేపితే, బుగ్గల మీది ముళ్ళూ పక్కరెక్కల ముళ్ళూ దారాల్లో చిక్కుకున్నాయి. లాగిన కొద్దీ ఇంకా బిగుసుకున్నాయి. చివరికి వలనే కత్తెరతో ముక్కలు చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్లాస్టిక్ డబ్బాను నీటిలో దాని ముందు పెట్టి, వెనకనుంచి చేత్తో మెల్లగా తోలుతాను. గొట్టంలో ఉంటే ఇంకా సులువు. రెండు కొసలూ అరచేతులతో మూసి గొట్టంతో సహా ఎత్తేయడమే.

ఇక మీ చివరి ప్రశ్న, ఇంకో రెండు తెస్తే హుషారుగా ఉంటుందా అన్నది. ఇవి గుంపుగా ఈదే చేపలు కావు, ఒంటరిగా ఉన్నందుకు జబ్బు పడవు. అయితే మూడు నాలుగు కలిసి ఉన్నప్పుడు ఒకదాని పక్కన ఒకటి చేరి పడుకోవడం, కొంచెం ఎక్కువగా బయటికి రావడం నేను చూశాను. మీ తొట్టి కొలతలు 60, 30, 30 సెంటీమీటర్లు అనుకుంటే 54 లీటర్లు. రాళ్ళు, ఖాళీ పోను ఇంకా తక్కువే. అందులో చిన్న రకానికి చెందినది ఒకటి, మహా అయితే ఒక జత. మూడు కావాలంటే 90 సెంటీమీటర్ల పొడవున్న తొట్టి ఉండాలి. వీటికి ఎత్తుతో పనిలేదు, అడుగు వైశాల్యమే లెక్క.

జతగా పెంచితే పిల్లలయ్యే అవకాశం బాగానే ఉంది. ఎదిగిన మగదానికి బుగ్గల పక్కన గడ్డంలా పొట్టి ముళ్ళు మొలుస్తాయి, తల వెడల్పుగా ఉంటుంది. ఆడదానికి తల సన్నగా, పొట్ట నిండుగా ఉంటుంది. చేప ఒంటికంటే కొంచెమే వెడల్పున్న గొట్టంలో ఆడది ఆకుపచ్చని గుడ్లు అతికించి వెళ్ళిపోతుంది. ఆ తరువాత కాపలా అంతా తండ్రిదే. గుడ్లమీదే కూర్చుని, రెక్కలతో నీరు విసురుతూ, దాదాపు వారంపాటు బయటికే రాదు. నాకు మొదటిసారి గుడ్లు కనిపించిన సంబరంలో టార్చి వేసి గంటకోసారి చూశాను. రెండో రోజు పొద్దుటికి గుడ్లు లేవు. కలవరపడ్డ తండ్రే తినేసింది. రెండోసారి గొట్టం మీద నల్లగుడ్డ కప్పి, ఆ వైపు పోవడమే మానేశాను. ఎనిమిదో రోజున గొట్టం చుట్టూ సూదిమొనల్లాంటి పిల్లలు కనిపించాయి. వాటిలో సగం ఆకలికే పోయాయి, ఆ తప్పూ నాదే. వాటికి రోజంతా గీకడానికి ఏదో ఒకటి ఉండాలి, రెండు పూటలా వేస్తే చాలదు. మూడోసారి పాత తొట్టిలో నాలుగు నెలలుగా నడిచిన స్పాంజి ఫిల్టర్, నాని మెత్తబడ్డ ఆకులు, నాచు పట్టిన రాళ్ళు ఉన్న చిన్న తొట్టిలో వదిలాక ఎక్కువ భాగం దక్కాయి.

మీకు అదంతా తరువాతి సంగతి. ఈ వారం బార్బులకు వేరే చోటు చూడండి, రాత్రి మేత మొదలుపెట్టండి, నీటిలో అమోనియా, నైట్రైట్ ఎంతుందో పరీక్షించండి. పొట్ట కింది నుంచి ఒక ఫొటో, పైనుంచి ఒక ఫొటో తీసి పెడితే అది ఏ రకమో, గుంట పడిందో లేదో చూసి చెప్పగలను. ఒకవేళ గుంట ఇప్పటికే పడి ఉంటే ఫొటో దాకా ఆగకుండా దాన్ని విడిగా ఒక చిన్న తొట్టిలో పెట్టి, ఇదే తొట్టి నీరు పోసి, బ్లడ్‌వర్మ్ రెండు పూటలా కొద్దికొద్దిగా వేయండి.